పాఠశాలలలో కళాశిబిరములు: వేలూరు, గుడియాత్తము ప్రాంతముల సంస్కృతి, సంఘజీవనము, బాధ్యత

ఉపోద్ఘాతము

చిత్రలేఖనము పాఠశాలలలో పాఠ్యవిషయమై నూఱేండ్లు దాటినది. అయినను పెక్కు బడులలో నది కాలపట్టికయందు వారమున కొక గంటగా మిగిలి, పరీక్షలు సమీపించినప్పుడు గణితమునకో ఆంగ్లమునకో చోటిచ్చి తొలగుచుండును. ఆ యొక్క గంటలో జరుగునదియు తఱచుగా ఉపాధ్యాయుడు నల్లబల్లపై గీచిన మామిడిపండును, రెండు కొండల నడుమ నుదయించు సూర్యుని చూచి దింపుటయే. పాలాఱు ఒడ్డున పెరిగిన బాలుడు తానెన్నడును చూడని తెరచాప ఓడను గీయును. తన వీథిలోని మగ్గమును, తన యూరి కోటను, తన అవ్వ ప్రతి ఉదయము వాకిట తీర్చు ముగ్గును గీయడు. అవియు చిత్రమునకు తగిన వస్తువులేయని అతనికి ఎవ్వరును చెప్పియుండలేదు.

ఈ లోపమును పూరించుటకు ఏర్పడిన పద్ధతులలో కళాశిబిర మొకటి. రెండు మూడు దినములు పిల్లలు తరగతిగది వెలుపలికి పోయి, ఊరిలోని ఒక కట్టడమునో, వృత్తినో, పండుగనో, నీటివనరునో కన్నులార చూచి, అక్కడివారిని ప్రశ్నించి, చూచినదానిని గీచి, పిమ్మట అందఱు కలసి ఒక పెద్ద చిత్రమునో, మట్టిబొమ్మనో రూపొందించి, దానిని ఊరివారి యెదుట ప్రదర్శించుట దీని స్థూలరూపము. మొదటిది చూచుట, రెండవది తెలిసికొనుట, మూడవది తమ వంతు కర్తవ్యమేదియో గ్రహించుట. సంస్కృతి, సంఘజీవనము, సామాజిక బాధ్యత అను మూడును ఈ క్రమముననే బాలుని మనస్సున నాటుకొనును. వేలూరు, గుడియాత్తము ప్రాంతములు ఇట్టి శిక్షణమునకు ఎట్టి సామగ్రి నిచ్చుచున్నవో, అచ్చటి తెలుగు బాలబాలికల కిది ఏల ముఖ్యమో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ పద్ధతి పూర్వచరిత్ర

దక్షిణదేశమున చిత్రకళాశిక్షణమునకు మూలస్థానము 1850లో అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు మద్రాసున నెలకొల్పిన కళాపాఠశాల. చేతిపనులవారికి వృత్తినైపుణ్యము కలిగించుట దాని తొలి యాశయము. రేఖ తిన్నగా, కొలత తప్పక రావలెనను నియమము అట్టి శిక్షణమునుండియే డ్రాయింగు మాస్టరులకును, వారినుండి బడిపిల్లలకును సంక్రమించెను. ఆ నియమము మంచిదే. కాని బాలుడు స్వయముగా చూచి, తోచినట్లు చెప్పుటకు అందు తావు తక్కువ.

పాశ్చాత్యదేశములలో ఈ భావము మారుటకు వియన్నా నగరమున బాలకళాతరగతులు నడపిన ఫ్రాంజ్ సిజెక్ ముఖ్యకారకుడు. పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు అసంపూర్ణమైన నకలు కాదని, దానికి స్వంతధర్మము కలదని ఆయన చూపెను. 1943లో హెర్బర్టు రీడు విద్య యంతయు కళాముఖముగా సాగవలెనని గ్రంథము రచించెను. 1954లో యునెస్కో ప్రోద్బలమున కళాద్వారా విద్యాసంస్థ అంతర్జాతీయముగా నేర్పడెను.

భారతదేశమున ఈ యోచన స్వతంత్రముగానే మొలకెత్తినది. శాంతినికేతనమున 1919లో స్థాపింపబడిన కళాభవనమున నందలాల్ బోసు శిష్యులను పల్లెలకును, సంతలకును, పండుగలకును తీసికొనిపోయి చిత్రింపజేయువాడు. 1938 హరిపుర కాంగ్రెసు మహాసభకై ఆయన వ్రాసిన చిత్రములలో కుమ్మరి, వడ్రంగి మొదలగు శ్రామికులే నాయకులు. 1937 వార్ధా సమావేశము పిమ్మట జాకీర్ హుస్సేన్ సంఘము రూపొందించిన మూలవిద్యా ప్రణాళికలో చిత్రలేఖనము చేరెను. సేవాగ్రామమున దేవీప్రసాద్ దానిని బాలశిక్షణమున కాచరణలోనికి దెచ్చెను. ఆంధ్రదేశమున 1910లో వెలసిన బందరు జాతీయకళాశాలయందు ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రకళ నేర్పెను. అడివి బాపిరాజు ఆ కళాశాలకు అధ్యక్షుడై పనిచేసెను. రాజమహేంద్రవరమున కూల్డ్రే దొర ప్రోత్సాహము లేనిచో దామెర్ల రామారావు (1897-1925) వంటి చిత్రకారుడు వెలుగులోనికి వచ్చియుండుట సందేహమే. ఒక యుపాధ్యాయుని దృష్టి ఒక జాతి కళను మేల్కొల్పగలదనుట కిది నిదర్శనము.

2005నాటి జాతీయ పాఠ్యప్రణాళికాచట్రము కళలను పదవ తరగతివరకు ప్రధానవిషయములతో సమముగా నేర్పవలెనని కోరినది. తమిళనాడు ప్రభుత్వము 2022 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ‘కలైత్తిరువిళా’ అను కళోత్సవములు నడపుచున్నది. అనగా అవకాశము లేకపోలేదు. ఆ యవకాశమున ఏ వస్తువును నింపవలెననునదే ప్రశ్న.

రాయవేలూరు కోట

తెలుగువారు పూర్వము రాయవేలూరని పిలిచిన పట్టణమునకు ఆ పేరు వచ్చుటకు కారణము విజయనగర రాయలు. 16వ శతాబ్దిలో వారి సామంతుడగు చిన్న బొమ్మినాయకుడు వేలూరి నేలెను. అప్పయ్య దీక్షితునకు ఆశ్రయమిచ్చిన ప్రభు వితడే. పెనుగొండ, చంద్రగిరుల తరువాత ఆరవీటి వంశీయులకు వేలూరు రాజధాని యయ్యెను. నలుదెసల నీటి అగడ్తతో, నల్లరాతి ప్రాకారములతో నిలిచిన ఆ కోటలో జలకంఠేశ్వరాలయము, మసీదు, క్రైస్తవదేవాలయము మూడును కలవు. ఆలయమున చిరకాలము పూజలు లేక, 1981లో తిరిగి లింగప్రతిష్ఠ జరిగెను.

ఆ యాలయపు కళ్యాణమండపము బాలచిత్రకారులకు ఒక గ్రంథాలయము వంటిది. స్తంభములపై ముందరికాళ్లెత్తిన గుఱ్ఱములు, వానిపై రౌతులు, యాళులు, లతలు కలవు. ఒక్కొక్క బాలుడు ఒక్క స్తంభమును ఎన్నుకొని గంటసేపు దానియెదుట కూర్చుండినచో, రాతిలో ఏ భాగము ముందునకు వచ్చినదో, ఏది వెనుకకు పోయినదో కన్ను తానై నేర్చుకొనును. పిమ్మట ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ రాతిని చెక్కినవా రెవ్వరు? కట్టించిన ప్రభువు పేరు చరిత్రలో నున్నది. చెక్కిన శిల్పి పేరు లేదు. ఈ యొక్క ప్రశ్నతో చిత్రలేఖన పాఠము సంఘశాస్త్ర పాఠముగా మారును.

ఆ కోటయందే 1806 జూలై 10వ తేది సిపాయిలు తిరుగబడిరి. క్రొత్తరకము తలపాగా ధరింపవలెననియు, నొసట మతచిహ్నములు, చెవిపోగులు ఉండరాదనియు సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ కాలమున వెడలిన ఉత్తరువులు తిరుగుబాటునకు ముఖ్యకారణము. దాని ద్విశతవార్షిక సందర్భమున 2006లో భారత తపాలాశాఖ ప్రత్యేకముగా స్టాంపు వెలువరించినది. తలపాగా, బొట్టు, పోగు అనునవి చిన్నవస్తువులు. కాని వానికై మనుష్యులు ప్రాణములిచ్చిరి. తమ యింటి పెద్దల తలపాగాను, కట్టుబొట్టులను గీయుమని పిల్లలను కోరి, ఆ తరువాత ఈ కథ చెప్పినచో, వేషభాషలు ఒక జాతి గౌరవముతో ఎట్లు ముడివడియున్నవో వారికి బోధపడును. పరుల యాచారమును హేళన చేయరాదను నీతియు ఇందే యిమిడియున్నది.

వాకిటి ముగ్గు

కోట చూచుటకు పయనము కావలెను. ముగ్గు చూచుటకు గడప దాటిన చాలును. తెలుగువారి ముగ్గు, తమిళుల కోలము ఒకే చెట్టు కొమ్మలు. తెలుగువారు సరిచుక్క, సందుచుక్క అందురు. తమిళులు నేర్‌పుళ్ళి, ఇడుక్కుపుళ్ళి అందురు. ఏడు చుక్కలతో మొదలిడి సందుచుక్క నాలుగువరకు పెట్టుమని అవ్వ చెప్పినచో, ఆమె మనస్సున 4, 5, 6, 7, 6, 5, 4 అను వరుసలు, మొత్తము 37 చుక్కలు నిలిచియున్నవి. ఆమె గణితము చదువలేదు. గణితమును నేలపై తీర్చుచున్నది.

ఇది అతిశయోక్తి కాదు. తాంబరములోని మద్రాసు క్రైస్తవకళాశాల ఆచార్యుడు గిఫ్ట్ సిరోమణి సహపరిశోధకులతో కూడి 1974లో కోలముల గీతక్రమమును గణకయంత్ర శాస్త్రమునందలి వ్యాకరణసూత్రములతో వివరించెను. వాకిట నూడ్చివేయబడు గీత శాస్త్రజ్ఞుల పరిశోధనవస్తు వయ్యెను.

శిబిరమున ఈ పాఠమునకు గురువు అవ్వయే కావలెను. బాలిక యింటినుండి ఒక ముగ్గును, దాని చుక్కల లెక్కను, దాని పేరును, ఏ పండుగకు పెట్టుదురో ఆ వివరమును వ్రాసి తేవలెను. బాలురును దీనిని నేర్చుకొనవలెను. ఇది ఆడువారి పని యను భావము పోవుటయు విద్యలో భాగమే. ఇట్లు ఒక తరగతిలో నలువది మంది చేర్చిన ముగ్గులు, మరునాటికి చెఱగిపోవు కళకు స్థిరమైన పుస్తకమగును. బియ్యపుపిండి చీమలకు ఆహారమగుననియు, ఱాతిపొడి కాదనియు తెలిసినపుడు జీవకారుణ్యమును ముగ్గులోనే కనవచ్చును.

గుడియాత్తపు మగ్గము

గుడియాత్తము కౌండిన్యానది యొడ్డున వెలసిన పట్టణము. ఆ నది చిత్తూరు జిల్లా కొండలలో పుట్టి, గుడియాత్తము మీదుగా పోయి పాలాఱులో కలియును. ఈ యూరు చేనేత లుంగీలకు పేరుపొందినది. గళ్ళలుంగీ బాలునకు వర్ణశాస్త్రపు తొలిపాఠము. పడుగులో ఎఱుపు, తెలుపు చారలును, పేకలో ఎఱుపు, తెలుపు చారలును ఉన్నచో, ఎఱుపుపై ఎఱుపు పడినచోట నిండురంగు, తెలుపుపై తెలుపు పడినచోట స్వచ్ఛమైన తెలుపు, రెండును కలియుచోట ఈ రెంటికి నడిమి లేతవర్ణము ఏర్పడును. నూలు రెండు రంగులు. వస్త్రమున మూడు ఛాయలు. రంగుకాగితపు పట్టీలను అడ్డముగా నిలువుగా నల్లి పిల్లలు దీనిని తరగతిలోనే పరీక్షించి చూడవచ్చును. ఆ తరువాత మగ్గమువద్దకు పోయినచో, తామొక గంటలో జేనెడు అల్లిన పనిని నేతగాడు దినమెల్ల ఎట్లు చేయునో తెలిసి, కట్టుకొను బట్టపై గౌరవము కలుగును.

మగ్గముతోపాటు మాటలును నశించుచున్నవి. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె, ఆసు: ఈ మాటలు నిఘంటువులో నుండవచ్చును గాని పనియున్నచోటనే ప్రాణముతో నుండును. తమిళమున పడుగును పావు అనియు, పేకను ఊడై అనియు అందురు. బొమ్మ గీచి, ప్రతిభాగమునకు రెండు భాషలలోను పేరు వ్రాసినచో, అదియే చిన్న ద్విభాషా నిఘంటువగును.

గుడియాత్తమున అగ్గిపెట్టెల పరిశ్రమయు, ఇండ్లలో బీడీలు చుట్టుటయు చిరకాలముగా జీవనాధారములు. ఈ పనులలో పూర్వము పసిపిల్లల చేతులును పాల్గొనినవి. 1986నాటి బాలకార్మిక చట్టము బీడీ, అగ్గిపెట్టెల పనులలో పిల్లలను నియమించుటను నిషేధించినను, కుటుంబమువారే నడుపు పనిశాలను మినహాయించెను. అందుచే ఆ చట్టము చాల యిండ్ల గడప దాటలేదు. 2016 సవరణము 14 ఏండ్ల లోపువారిని సమస్తవృత్తులనుండి తొలగించి, కుటుంబమున ప్రమాదకరము కాని పనికి, అదియు బడివేళలకు వెలుపల మాత్రమే అనుమతించినది. శ్రమను గౌరవించుట వేఱు, బాల్యమును శ్రమకు అర్పించుట వేఱు. ఈ భేదమును గ్రహింపజేయుట కళాశిబిరమున కొక ముఖ్యధర్మము.

గంగమ్మ శిరస్సు పండుగ

ఏటేట తమిళ వైకాశిమాసపు మొదటి దినమున, అనగా మే నెల నడుమ, గుడియాత్తమున గంగమ్మ శిరస్సు తిరునాళ్ళు జరుగును. తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి అమ్మవారి శిరస్సు ఊరేగింపుగా వీథులవెంట వచ్చి, గోపాలపురమున గంగమ్మ గుడిలోని దేహముతో కూర్పబడును. పరశురాముని తల్లి రేణుక కథతో దీనిని ముడివెట్టుదురు. తెలుగునాట తిరుపతి గంగమ్మ జాతరయు మే నెలలోనే వచ్చుట గమనింపదగినది. రాష్ట్రముల సరిహద్దు గంగమ్మకు లేదు.

ఈ పండుగలో కుమ్మరి, మాలకరి, మేళగాడు, వేషగాడు, దివిటీ పట్టువాడు ఎవరి పని వారిదే. ఏ యొక్కరు లేకున్నను ఊరేగింపు సాగదు. పిల్లలు వీరిలో ఒక్కొక్కరిని చిత్రించి ఆ చిత్రములను వరుసగా గోడపై కూర్చినచో, ఊరేగింపు మొత్తము కనబడును. ఒక చిత్రము తీసివేసిన ఖాళీ కనబడును. సంఘమనగా నేమియో ఇంతకంటె సులభముగా బోధింపలేము. ఇట్లే చిత్తూరు, ఉత్తరార్కాడు ప్రాంతములలో ద్రౌపదమ్మ గుళ్ళవద్ద జరుగు భారతకథాప్రదర్శనములు తెలుగున వీథినాటకమనియు, తమిళమున తెరుక్కూత్తనియు ప్రసిద్ధములు. కిరీటము, భుజకీర్తులు, ముఖమున పూయు రంగులు బాలురకు మంచి చిత్రవస్తువులు.

పాలాఱు చెప్పు పాఠము

పాలాఱు కర్ణాటకమున నందికొండలవద్ద జనించి, ఆ రాష్ట్రమున 93, ఆంధ్రప్రదేశమున 33, తమిళనాట 222 కిలోమీటర్లు, మొత్తము 348 కిలోమీటర్లు ప్రవహించు నది. ఈ మూడంకెలే ఒక నీతిపాఠము. ఒకరు కట్టిన కట్ట మఱియొకరి బావిని తాకును. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి ప్రాంతముల తోళ్ళపరిశ్రమ పెక్కుమందికి కూడు పెట్టినది. దాని మురుగునీరు నదిని, భూగర్భజలమును చెఱచినది. వేలూరు పౌరుల సంఘము వేసిన వ్యాజ్యమున 1996 ఆగస్టు 28న సర్వోన్నతన్యాయస్థానము, కాలుష్యము చేసినవాడే దాని నష్టమును భరింపవలెనను సూత్రము భారతన్యాయమున భాగమని తీర్పిచ్చెను. దేశమంతట ఉదహరింపబడు ఆ తీర్పునకు పుట్టినిల్లు ఈ జిల్లాయే. అయినను నష్టము తీరలేదు. 2025 జనవరి 30న అదే న్యాయస్థానము పాలాఱు విషయమున తిరిగి కఠినమైన ఆదేశములు జారీ చేయవలసివచ్చెను.

ఈ విషయమున పిల్లలచేత నినాదములతో గోడపత్రికలు వ్రాయించుట సామాన్యముగా జరుగునది. దానివలన చేయి అలసిపోవును గాని దృష్టి పెరుగదు. అంతకంటె మేలు, తమ యింటి బావి, వీథికుళాయి, చెఱువు, ఏరు అను నాలుగు చోట్ల నీటిని గాజుసీసాలలో తెచ్చి, వెలుగునకు పట్టి, కనబడిన వర్ణమును ఉన్నదున్నట్లు రంగులతో దింపుట. తమ వీథి మురుగుకాలువ ఎచ్చట మొదలై ఎచ్చట కలియునో పటము గీచుట. బాలుడు తన చేత్తో గీచిన పటమున తన యింటి మురుగు ఏటిలో కలియుట చూచినపుడు, బాధ్యత యనునది పరులమీద మోపు మాటగా నుండదు.

చేయదగిన పనియు ఒకటి కలదు. ఈ జిల్లాలో కరిగిరి మట్టిపాత్రల పనికి ప్రసిద్ధమైనది. వినాయకచవితికి ముందు కుమ్మరిని బడికి పిలిచి, పచ్చిమట్టితో, రంగులు లేక వినాయకుని చేయుట నేర్పించినచో సంస్కృతి, వృత్తి, నీటిరక్షణ మూడును ఒక పాఠమున కలియును. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహములు కూడదని కేంద్రకాలుష్యనియంత్రణమండలి 2020లో సవరించిన నియమములలో స్పష్టపఱచినది.

నిర్వహణమున పాటింపదగినవి

శిబిరమునకు పెద్దవ్యయము అక్కఱలేదు. బొగ్గు, సుద్ద, పసుపు, ఎఱ్ఱమన్ను, పాతవార్తాపత్రికలు, బంకమన్ను చాలును. ఒక శిబిరమునకు ఒక్క వస్తువే యుండవలెను; కోటయు, మగ్గమును, ఏరును ఒకేసారి చూపినచో ఏదియు నిలువదు. మొదటి దినము చూచుటకు, రెండవ దినము చేయుటకు, మూడవ దినము ప్రదర్శించుటకు కేటాయింపవలెను. పోటీయు, బహుమతియు లేకుండుట మంచిది. ఒకనికి బహుమతి యిచ్చినచో ముప్పదితొమ్మిదిమంది బొమ్మ వేయుట తమ పని కాదని నిశ్చయించుకొందురు. పాఠము చెప్పిన నేతగానికి, కుమ్మరికి శాలువతో సరిపుచ్చక, దినకూలికి తగ్గని పారితోషిక మీయవలెను. చేతిపనిని గౌరవించుమని పిల్లలకు చెప్పి, పనివానిని వట్టిచేతులతో పంపుట తగదు.

ఇండ్లలోని శ్రమను, పేదఱికమును చిత్రించునపుడు మిక్కిలి జాగ్రత్త యవసరము. బీడీలు చుట్టు తల్లి బొమ్మను ఆమె యనుమతి లేక ప్రదర్శింపరాదు. ఏ బాలుని ఇంటి లేమియు సభలో వేడుక కారాదు.

తెలుగు బాలుర విషయము

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఉత్తరార్కాడునుండి తెలుగు తాలూకాలు విడిపోయినవి. వేలూరు, గుడియాత్తము ఉత్తరార్కాడుననే నిలిచినవి. 1956లో భాషారాష్ట్రములు, 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పు వచ్చి తిరుత్తణి తమిళనాట చేరినది. గీతలు కాగితముపై మారినవి. తెలుగు మాటాడు కుటుంబములు ఉన్నచోటనే యున్నవి. 2006నాటి తమిళభాషాధ్యయన చట్టము వలన తమిళము బడులలో నిర్బంధమైనది. ఆ నేలపై జీవించువారికి తమిళము అవసరమును, గౌరవనీయమును. కాని యింట తెలుగు మాటాడుచు, తెలుగు లిపి చదువజాలని తరము పెరుగుచున్న మాట సత్యము.

లిపి రాని బాలునకు పద్యము వల్లెవేయించుటకు ముందు, అతడు గీచిన మగ్గము క్రింద ‘పడుగు’ అని మూడక్షరములు వ్రాయించుట సులభము. తాను గీచినదాని పేరు గనుక ఆ మాట మఱచిపోడు. అవ్వ చెప్పిన ముగ్గు పేరు, తాత చెప్పిన పనిముట్టు పేరు తెలుగున వ్రాసిన కొలది, ఇంటిభాషకు బడిలో నొక చోటు దొరకును. తమిళబాలుడు ప్రక్కన కూర్చుండి తన మాటను వ్రాయును. ఇద్దఱు ఒకే బొమ్మను గీతురు. ఇందు కలహమునకు తావులేదు.

తెలుగు సంఘములు ఏటేట ఉగాదికి సభలు, విందులు, సన్మానములు జరుపుచున్నవి. వానిలో ఒక సభ వ్యయమును మిగిల్చి, వేలూరున ఒకటి, గుడియాత్తమున ఒకటి కళాశిబిరములను నడపి, పిల్లల బొమ్మలను రెండు భాషల మాటలతో చిన్నపుస్తకముగా అచ్చువేయింపవచ్చును. ముగ్గు తెలిసిన అవ్వలు, మగ్గము తెలిసిన తాతలు నేడున్నారు. వారు చెప్పుటకు సిద్ధముగా నున్నపుడే వినువారిని, గీయువారిని వారి చెంతకు పంపుట పెద్దల విధి.